ఉష్ణం, ఉష్ణోగ్రత - విద్యార్థుల అపోహలు

ఉష్ణం, ఉష్ణోగ్రత అనేవి భౌతిక శాస్త్రంలో రెండు వేరువేరు భావనలు. ఉష్ణోగ్రతలో తేడా ఉన్న కారణంగా ఒక వస్తువు నుండి మరొక వస్తువుకు ప్రవహించే శక్తిని ఉష్ణం అంటారు. ఒక వస్తువు ఎంత వేడిగా లేదా ఎంత చల్లగా ఉన్నదో తెలిపే కొలత ఉష్ణోగ్రత. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం, చల్లదనాన్ని ఒక పదార్థంగా ఊహించడం, లోహాలు సహజంగానే చల్లనివని నమ్మడం వంటి అపోహలు అనేక దేశాల విద్యార్థులలో కనిపిస్తాయి. విజ్ఞానశాస్త్ర బోధనపై పరిశోధన చేసేవారు వీటిని ప్రత్యామ్నాయ భావనలు అని కూడా వ్యవహరిస్తారు.

ఇవి పాఠం చదవకపోవడం వలన కలిగే పొరపాట్లు కావు. వంటింటిలో, ఎండలో, చలిలో కలిగే అనుభవాల నుండి, వాడుక భాష నుండి పుట్టిన ఆలోచనలు. అందువలన నిర్వచనాలు కంఠస్థం చేసి, లెక్కలు సరిగా చేసి, పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థిలో కూడా ఇవి చెక్కుచెదరకుండా ఉండవచ్చు.

రెండు భావనల మధ్య తేడా

ప్రతి పదార్థమూ నిరంతరం కదులుతూ ఉండే అణువులతో నిర్మితమై ఉంటుంది. ఈ అణువుల కదలికకు సంబంధించిన సగటు గతిజశక్తిని ఉష్ణోగ్రత సూచిస్తుంది. వస్తువులోని అణువులన్నింటి శక్తుల మొత్తాన్ని అంతర్గత శక్తి అంటారు. సగటుకు వస్తువు పరిమాణంతో పని లేదు, మొత్తానికి ఉన్నది. బిందెడు గోరువెచ్చని నీటి నుండి ఒక గ్లాసు నీరు ముంచితే, గ్లాసులోను, బిందెలోను ఉష్ణోగ్రత ఒక్కటే. అంతర్గత శక్తి మాత్రం బిందెలో ఎన్నో రెట్లు ఎక్కువ.

ఉష్ణం ఈ రెండింటికీ భిన్నమైనది. అది వస్తువులో నిలవ ఉండేది కాదు, ఒక చోటి నుండి మరొక చోటికి పోతున్న శక్తి. వేరువేరు ఉష్ణోగ్రతలు గల రెండు వస్తువులు తాకినపుడు ఎక్కువ ఉష్ణోగ్రత గల దాని నుండి తక్కువ ఉష్ణోగ్రత గల దానికి ఉష్ణం ప్రవహిస్తుంది. రెండింటి ఉష్ణోగ్రతలు సమానమైనపుడు ఈ ప్రవాహం ఆగిపోతుంది. దీనిని ఉష్ణ సమతాస్థితి అంటారు.

ఉష్ణానికి ప్రమాణం జౌలు. పాత ప్రమాణమైన కెలోరీ సుమారు 4.19 జౌళ్ళకు సమానం. ఉష్ణోగ్రతను డిగ్రీల సెల్సియస్‌లోను, డిగ్రీల ఫారెన్‌హీట్‌లోను, కెల్విన్‌లలోను కొలుస్తారు. స్థితి మారనంత వరకు ఒక వస్తువు గ్రహించిన ఉష్ణాన్ని ఈ సూత్రంతో లెక్కిస్తారు:

ఉష్ణం = ద్రవ్యరాశి × విశిష్టోష్ణం × ఉష్ణోగ్రతలో పెరుగుదల

వాడుక భాష పాత్ర

తెలుగులో "వేడి" అనే ఒక్క మాట అనేక పనులు చేస్తుంది. "నీళ్ళు వేడిగా ఉన్నాయి" అన్నపుడు అది ఉష్ణోగ్రతను తెలుపుతుంది. "పొయ్యి నుండి వేడి కొడుతోంది" అన్నపుడు ఉష్ణ ప్రసారాన్ని తెలుపుతుంది. "ఒంటికి వేడి చేసింది" అన్నపుడు ఈ రెండూ కాని ఒక శారీరక స్థితిని తెలుపుతుంది; అప్పుడు థర్మామీటరు పెట్టి చూస్తే మామూలు ఉష్ణోగ్రతే కనిపించవచ్చు. ఆవకాయ వేడి చేస్తుందనీ, సగ్గుబియ్యం జావ చలువ చేస్తుందనీ అనడంలో కూడా ఆ పదార్థాల ఉష్ణోగ్రత ప్రసక్తి లేదు. ఈ వాడుకలు భాషలో తప్పులు కావు. కాని భౌతికశాస్త్రం చదివే విద్యార్థి ఈ అర్థాలను విడదీసుకోవలసి ఉంటుంది.

శాస్త్ర పరిభాష ఈ విషయంలో కొంత సహాయం చేస్తుంది. ఉష్ణోగ్రత అనే మాట ఉష్ణ, ఉగ్రత అనే రెండు పదాల కలయిక. ఉగ్రత అనగా తీవ్రత. ఉష్ణం "ఎంత మొత్తం" అనే ప్రశ్నకు జవాబైతే, ఉష్ణోగ్రత "ఎంత తీవ్రం" అనే ప్రశ్నకు జవాబు. అయితే ఇదే పరిభాష కొన్ని చోట్ల దారి తప్పిస్తుంది కూడా. గుప్తోష్ణం, ఉష్ణధారణ సామర్థ్యం వంటి మాటలు, ఉష్ణం వస్తువులో దాగి ఉండే లేదా నిండి ఉండే ద్రవమనే భావాన్ని కలిగిస్తాయి. ఉష్ణాన్ని నిజంగానే ఒక ద్రవంగా భావించిన కాలంలో ఐరోపాలో వాడిన మాటలకు ఇవి అనువాదాలు.

తరచుగా కనిపించే అపోహలు

1. ఎక్కువ ఉష్ణోగ్రత అంటే ఎక్కువ ఉష్ణం

దీపావళి నాడు కాల్చే కాకరపువ్వొత్తి నుండి రాలే రవ్వల ఉష్ణోగ్రత సుమారు వెయ్యి డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. అయినా చేతిమీద పడిన ఒక్క రవ్వ సాధారణంగా చురుక్కుమనిపించి ఆరిపోతుంది. 80 డిగ్రీల నీరు ఒక చెంబెడు పడితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. రవ్వ ద్రవ్యరాశి అత్యల్పం కావడం వలన అది ఇవ్వగలిగిన ఉష్ణం కూడా అత్యల్పం. ఇది ఒక్క రవ్వకే వర్తిస్తుంది. కాలి ఎర్రబడిన కాకరపువ్వొత్తి తీగకు ద్రవ్యరాశి ఎక్కువ కనుక దానిని తాకినా, తొక్కినా తీవ్రమైన గాయమవుతుంది.

2. ఉష్ణోగ్రతలను కూడవచ్చు

30 డిగ్రీల నీటిని, అంతే ద్రవ్యరాశి గల 70 డిగ్రీల నీటిని కలిపితే ఎంత అవుతుందని అడిగితే, చిన్న తరగతుల విద్యార్థులలో కొందరు 100 డిగ్రీలని చెబుతారు. సరియైన జవాబు 50 డిగ్రీలు. ద్రవ్యరాశులను కూడవచ్చు, శక్తులను కూడవచ్చు, ఉష్ణోగ్రతలను కూడరాదు.

సరాసరి తీయడం నేర్చుకున్న తరువాత మరొక పొరపాటు మొదలవుతుంది. 100 డిగ్రీల వద్ద ఉన్న 100 గ్రాముల ఇనుప గుండును 30 డిగ్రీల వద్ద ఉన్న 100 గ్రాముల నీటిలో వేస్తే 65 డిగ్రీలు వస్తుందని భావిస్తారు. నిజానికి వచ్చేది సుమారు 37 డిగ్రీలు. ఇనుము విశిష్టోష్ణం నీటి విశిష్టోష్ణంలో సుమారు తొమ్మిదవ వంతు మాత్రమే. గుండు 63 డిగ్రీలు చల్లబడి ఇచ్చిన ఉష్ణం నీటిని 7 డిగ్రీలు మాత్రమే పెంచగలిగింది.

3. ఇరవై డిగ్రీలు పది డిగ్రీలకు రెట్టింపు వేడి

సెల్సియస్ మానంలో సున్నా అనేది నీరు గడ్డకట్టే స్థానం. అది ఉష్ణోగ్రత లేని స్థితి కాదు. నిజమైన కనిష్ఠ స్థానం -273.15 డిగ్రీల సెల్సియస్. దీనిని పరమ శూన్య ఉష్ణోగ్రత అంటారు. కెల్విన్ మానం అక్కడి నుండి మొదలవుతుంది. ఆ మానంలో 10 డిగ్రీలు సుమారు 283 కెల్విన్‌లు, 20 డిగ్రీలు సుమారు 293 కెల్విన్‌లు. పెరుగుదల నూటికి నాలుగు పాళ్ళు కూడా లేదు.

4. చల్లదనం కూడా ప్రవహిస్తుంది

"తలుపు వేయండి, చలి లోపలికి వస్తోంది" అనడం సర్వసాధారణం. ఐసుముక్కను పట్టుకున్నపుడు చల్లదనం చేతిలోకి ఎక్కుతున్నట్లు అనిపిస్తుంది. చల్లని గాలి లోపలికి రావడం నిజమే కాని, చల్లదనం అనే వేరొక శక్తి లేదు. చేతి నుండి ఐసుకు ఉష్ణం పోతున్నది. ఆ నష్టాన్నే చర్మం చల్లదనంగా గుర్తిస్తుంది. రిఫ్రిజిరేటరు కూడా చల్లదనాన్ని తయారు చేయదు; లోపలి ఉష్ణాన్ని తీసి బయటకు పంపుతుంది. దాని వెనుక భాగమో, పక్క భాగమో వేడిగా ఉండడానికి ఇదే కారణం.

5. లోహం కొయ్యకంటే చల్లనిది

ఒకే గదిలో రాత్రంతా ఉన్న స్టీలు పళ్ళెమూ, కొయ్య పీటా ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. అయినా తెల్లవారి తాకితే పళ్ళెం చల్లగా అనిపిస్తుంది. లోహం మంచి ఉష్ణవాహకం కనుక చేతి నుండి ఉష్ణాన్ని త్వరగా తీసుకుపోతుంది. కొయ్య నెమ్మదిగా తీసుకుంటుంది. చర్మం ఉష్ణోగ్రతను నేరుగా కొలవదు. ఉష్ణం ఎంత వేగంగా పోతున్నదో, ఎంత వేగంగా వస్తున్నదో దానిని బట్టి స్పందిస్తుంది. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన మోటారు సైకిలు లోహపు భాగం, అదే ఉష్ణోగ్రతలో ఉన్న కొయ్య కంటే ఎక్కువగా కాలడానికి కూడా కారణం ఇదే. ఒకే వస్తువు ఒకసారి "సహజంగా చల్లనిది", మరొకసారి "సహజంగా వేడిది" కాలేదు.

6. దుప్పటి వేడిని పుట్టిస్తుంది

కంబళి, స్వెట్టరు వంటివి వేడిని ఇస్తాయని అనుకోవడం సహజం. అవి ఉష్ణాన్ని పుట్టించవు. పోగుల మధ్య చిక్కుకున్న గాలి ద్వారా ఉష్ణ ప్రవాహాన్ని నెమ్మదింపజేస్తాయి. వేడి శరీరంలోనే పుడుతుంది. గదిలో ఉన్న థర్మామీటరుకు కంబళి చుట్టి గంట తరువాత చూసినా గది ఉష్ణోగ్రతే చూపిస్తుంది.

ఇది నమ్మని విద్యార్థికి ఐసు అమ్మేవారి అనుభవం జవాబు చెబుతుంది. ఐసు దిమ్మెలను వరి ఊకలోనో, రంపపు పొట్టులోనో కప్పి గోనెసంచులు చుట్టి ఉంచుతారు. గోనె వేడిని పుట్టించేదే అయితే ఐసు త్వరగా కరగాలి. మనిషిలోని ఉష్ణాన్ని బయటకు పోనీయని పొరే, బయటి ఉష్ణాన్ని ఐసు వద్దకు రానీయదు.

7. మంట పెంచితే మరిగే నీరు ఇంకా వేడెక్కుతుంది

సముద్రమట్టం వద్ద, మూతలేని పాత్రలో నీరు సుమారు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. ఆ తరువాత మంట ఎంత పెంచినా ఉష్ణోగ్రత పెరగదు. నీరు మరింత త్వరగా ఆవిరైపోతుంది. అందిన ఉష్ణం నీటిని ఆవిరిగా మార్చడానికి ఖర్చవుతుంది. కనుక అన్నం ఉడకడం మొదలైన తరువాత మంట తగ్గించినా అది అదే ఉష్ణోగ్రతలో ఉడుకుతుంది, వంటచెరకో గ్యాసో ఆదా అవుతుంది. ప్రెషర్ కుక్కరులో పీడనం పెరగడం వలన నీరు సుమారు 120 డిగ్రీల వద్ద మరుగుతుంది కాబట్టి పప్పు త్వరగా ఉడుకుతుంది. దీనికి విరుద్ధంగా, సుమారు 3500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ పట్టణంలో నీరు 90 డిగ్రీలకు లోపే మరుగుతుంది.

కరిగే ఐసు విషయమూ ఇంతే. 0 డిగ్రీల వద్ద ఉన్న ఒక గ్రాము ఐసు, 0 డిగ్రీల నీరుగా మారడానికి 80 కెలోరీలు కావాలి. ఆ ఉష్ణంతో అదే నీటిని 0 నుండి 80 డిగ్రీల వరకు వేడిచేయవచ్చు. ఉష్ణం చేరుతున్నా థర్మామీటరు కదలకపోవడం, ఉష్ణం, ఉష్ణోగ్రత వేరువేరని చూపే బలమైన నిదర్శనం.

8. ఫ్యాను గదిని చల్లబరుస్తుంది

తలుపులు మూసిన ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతూ ఉంటే గది ఉష్ణోగ్రత తగ్గదు. మోటారు వెలువరించే ఉష్ణం వలన స్వల్పంగా పెరుగుతుంది కూడా. ఫ్యాను గాలి చర్మం మీది చెమటను త్వరగా ఆవిరి చేస్తుంది. ఆవిరి కావడానికి కావలసిన ఉష్ణం శరీరం నుండి పోతుంది. మట్టికుండలో నీరు చల్లబడేది కూడా ఈ విధంగానే. కుండ రంధ్రాలలోనుండి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి నుండి ఉష్ణాన్ని తీసుకుంటుంది.

చరిత్రలో ఇవే భావనలు

నేటి విద్యార్థులు పడే తికమక ఒకప్పుడు శాస్త్రవేత్తలు కూడా పడినదే. ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ 1690లో వెలువడిన తన గ్రంథంలో, ఒకే నీరు ఒక చేతికి చల్లగాను, రెండవ చేతికి వెచ్చగాను తోచవచ్చునని వ్రాశాడు. స్పర్శను నమ్మి వేడిని కొలవరాదనడానికి ఇది నేటికీ మంచి ఉదాహరణ.

ఫారెన్‌హీట్ 1724లోను, సెల్సియస్ 1742లోను తమ మానాలను ప్రకటించిన తరువాత ఉష్ణోగ్రతను కొలవడం సులభమైనది. కాని కొలిచినది ఏమిటన్న ప్రశ్న మిగిలిపోయింది. దీనికి స్పష్టత తెచ్చినవాడు స్కాట్లండుకు చెందిన జోసెఫ్ బ్లాక్. 1760 ప్రాంతంలో గ్లాస్గోలో ఆయన రెండు గాజు పాత్రలను ఒకే గదిలో వేలాడదీశాడు. ఒకదానిలో గడ్డకట్టే స్థానానికి దగ్గరగా ఉన్న నీరు, రెండవదానిలో అంతే ద్రవ్యరాశి గల ఐసు. నీరు 33 నుండి 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరడానికి అరగంట పట్టింది. ఐసు కరిగి అదే ఉష్ణోగ్రతకు చేరడానికి పదిన్నర గంటలు పట్టింది. అన్ని గంటలూ గది నుండి ఉష్ణం చేరుతూనే ఉన్నది. థర్మామీటరు మాత్రం దానిని చూపలేదు. గుప్తోష్ణం, విశిష్టోష్ణం అనే భావనలు బ్లాక్ పరిశోధనల నుండి వచ్చినవే.

అయినా ఉష్ణం ఒక ద్రవమనే నమ్మకం పోలేదు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లెవోయిజర్ 1789లో ప్రకటించిన మూలకాల పట్టికలో ఆక్సిజన్, హైడ్రోజన్‌లతో పాటు కెలోరిక్ అనే ఉష్ణ ద్రవం కూడా ఉన్నది. మ్యూనిక్ ఆయుధాగారంలో ఫిరంగి గొట్టాలను తొలిచేటపుడు అంతులేకుండా వేడి పుట్టడం గమనించిన కౌంట్ రంఫర్డ్, ఉష్ణం పదార్థం కాజాలదనీ, అది ఒక విధమైన చలనమనీ 1798లో వాదించాడు. 1840ల నుండి జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ చేసిన ప్రయోగాలు, ఒక నిర్ణీత పరిమాణంలో పని జరిగితే నిర్ణీత పరిమాణంలో ఉష్ణం పుడుతుందని నిరూపించాయి. కెలోరిక్ సిద్ధాంతం మరుగున పడినా కెలోరీ అనే ప్రమాణం పేరులో దాని జాడ మిగిలి ఉన్నది.

బోధనా పరిశోధనలు

పిల్లలు వేడి గురించి ఎలా ఆలోచిస్తారన్న విషయంపై 1970ల నుండి విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. కెనడాకు చెందిన గేలెన్ ఎరిక్సన్ 1979లో పిల్లల భావనలపై ఒక ముఖ్యమైన అధ్యయనాన్ని ప్రకటించాడు. మేరియాన్ వైజర్, సూసన్ కేరీ 1983లో వ్రాసిన వ్యాసంలో, 17వ శతాబ్దపు ఫ్లోరెన్స్ నగర ప్రయోగకారుల ఆలోచనలో ఉష్ణం, ఉష్ణోగ్రత విడివడలేదని చూపారు. షెల్లీ యో, మార్జన్ జాడ్నిక్ 2001లో ఈ అపోహలను గుర్తించడానికి 26 ప్రశ్నలు గల పరీక్షను రూపొందించారు. దానిలోని ప్రశ్నలకు లెక్కలు చేయవలసిన పని లేదు. వంటింటి సన్నివేశాలలో ఏ వివరణ సరియైనదో ఎంచుకోవాలి.

ఉష్ణాన్ని పదార్థంగా ఊహించడమే చాలా అపోహలకు మూలమని అమెరికాకు చెందిన మిషెలిన్ చీ వాదించింది. ఆమె అభిప్రాయం ప్రకారం, విద్యార్థి ఒక "వస్తువు"గా భావించిన దానిని ఒక "ప్రక్రియ"గా భావించడం నేర్చుకోవాలి. ఇది కొత్త సమాచారాన్ని చేర్చుకోవడం కంటే కష్టమైన మార్పు.

సరిదిద్దే పద్ధతులు

అపోహను తప్పని చెప్పి సరియైన నిర్వచనాన్ని వ్రాయించడం వలన ప్రయోజనం తక్కువ. విద్యార్థి పరీక్షకు ఒక జవాబు, జీవితానికి ఒక జవాబు ఉంచుకుంటాడు. పాత భావన ఒక సంఘటనను వివరించలేకపోయినపుడే కొత్త భావన అవసరమని తోస్తుందని పోస్నర్, ఆయన సహచరులు 1982లో ప్రతిపాదించారు. వైట్, గన్‌స్టన్ 1992లో ప్రచురించిన పుస్తకంలో వివరించిన పద్ధతిలో విద్యార్థి ముందుగా ఫలితాన్ని ఊహించి వ్రాయాలి, తరువాత ప్రయోగాన్ని పరిశీలించాలి, చివరకు తేడాను వివరించాలి.

దీనికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. గదిలో చాలాసేపు ఉన్న స్టీలు పళ్ళెంపై ఒక ఐసుముక్కను, కొయ్య పీటపై అంతే పరిమాణం గల మరొక ముక్కను ఉంచాలి. ఏది ముందు కరుగుతుందని అడిగితే, తాకినపుడు స్టీలు చల్లగా ఉన్నది కనుక దానిమీది ఐసు ఆలస్యంగా కరుగుతుందని చాలామంది భావిస్తారు. ఐసు స్టీలు మీదనే ముందు కరుగుతుంది. చేతి నుండి ఉష్ణాన్ని త్వరగా లాగిన స్టీలే, ఐసుకు ఉష్ణాన్ని త్వరగా అందిస్తుంది. తాను వ్రాసిన ఊహ తన కళ్ళ ఎదుటనే తారుమారు కావడం చూసిన విద్యార్థి ఉష్ణవాహకత అనే మాటకు అర్థం వెతుక్కుంటాడు.

నిత్యజీవితంలో ప్రాముఖ్యం

ఈ అపోహల ప్రభావం పరీక్షలకే పరిమితం కాదు. 100 డిగ్రీల నీరూ, 100 డిగ్రీల ఆవిరీ సమానంగా కాలుస్తాయనుకోవడం ప్రమాదకరం. ఒక గ్రాము మరిగిన నీరు చర్మంపై 37 డిగ్రీలకు చల్లబడితే 63 కెలోరీలు ఇస్తుంది. ఒక గ్రాము ఆవిరి ముందు నీరుగా మారుతూ సుమారు 540 కెలోరీలు ఇచ్చి, తరువాత ఆ 63 కెలోరీలు కూడా ఇస్తుంది. ఇది దాదాపు పది రెట్లు. ఇడ్లీ పాత్ర మూతను, కుక్కరు మూతను ముఖానికి దూరంగా తెరవమనడానికి కారణం ఇదే.

జ్వరంతో ఉన్న పసిబిడ్డకు మందమైన దుప్పట్లు కప్పడం వలన శరీరంలో పుట్టే ఉష్ణం బయటకు పోయే మార్గం మూసుకుపోతుంది. వేసవిలో గాలి ఉష్ణోగ్రత చర్మపు ఉష్ణోగ్రతను, అనగా సుమారు 35 డిగ్రీలను, దాటినపుడు వీచే గాలి శరీరానికి ఉష్ణాన్ని అందించడం మొదలుపెడుతుంది. అప్పుడు శరీరాన్ని కాపాడేది చెమట ఆరడం ఒక్కటే. అందుకు తాగునీరు కావాలి. గాలి పొడిగా ఉండాలి. తీరప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువగా ఉండడం వలన చెమట ఆరదు. అందుచేత అక్కడ థర్మామీటరు తక్కువ అంకె చూపినా వడదెబ్బ ముప్పు తక్కువని చెప్పలేము. 2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కలిపి వెయ్యి మందికి పైగా మరణించారు. వాతావరణ కేంద్రాలు ప్రకటించే ఉష్ణోగ్రత నీడలో కొలిచినది. ఎండలో పనిచేసే మనిషి శరీరానికి సూర్యుని వికిరణం వలన అదనంగా చేరే ఉష్ణం ఆ అంకెలో కనిపించదు.

ఇవి కూడా చూడండి

ఉష్ణం
ఉష్ణోగ్రత
విశిష్టోష్ణం
గుప్తోష్ణం
ఉష్ణవాహకత
థర్మామీటరు
వడదెబ్బ